మాల్తాకే సాక్ష్యం

నడిబజారులో, పెద్దమనుషుల ముందు, ఫైనిప్పోస్ తన ముసలి బానిస మాల్తాకే మణికట్టు పట్టుకుని ముందుకు లాగాడు.

"ఇదిగో మా దాది. నాన్న పోయేముందు ఆలివు తోట నాకే అన్నప్పుడు పక్కనే ఉంది. అనుమానముంటే చక్రానికి కట్టించి అడుగు, అన్నయ్యా!"

ఏథెన్సులో బానిస ఊరికే చెప్పిన మాట సాక్ష్యం కాదు. చక్రం మీద కీళ్ళు విరుస్తూ చెప్పించిందే సాక్ష్యం. బానిసను అప్పగిస్తానని సవాలు చేయడం, ఎదుటివాడు వద్దంటే దాన్ని కోర్టులో చూపించి నెగ్గడం అందరూ ఆడే ఆటే. "అన్నయ్య ఒప్పుకోడులే దాదీ" అని ఫైనిప్పోస్ పొద్దున్నే ఆమెకు నచ్చజెప్పి తీసుకొచ్చాడు.

అన్న ఎర్గోక్లీస్ నవ్వాడు. "సరే, ఒప్పుకున్నా. పదండి, ఇప్పుడే."

ఫైనిప్పోస్ ముఖం పాలిపోయింది. ఆ నోటికి రెండేళ్ళు పాలిచ్చింది మాల్తాకే.

"ఊరుకున్నావేం నాయనా? వద్దని చెప్పు."

"వెనక్కి తగ్గితే తోట పోతుంది. తప్పదు దాదీ. ఓర్చుకుని, నేను చెప్పమన్నదే చెప్పు."

తప్పదు. వాళ్ళ భాషలో అనాంకే. ఆకలికీ అదే మాట, బలవంతానికీ సంకెలకీ అదే మాట. చుట్టరికాన్నీ ఆ మాటతోనే చెప్పుకుంటారు. ఆమె కూతుర్ని అమ్మేసి డేలోస్ పడవ ఎక్కించిననాడూ ఆ ఇంట్లో అదే మాట అన్నారు. ఆనాడు ఆమె నోరెత్తలేదు.

"ఎవరికిరా తప్పదు?"

బజారంతా తిరిగి చూసింది.

"తోట నీకు, చక్రం నాకూనా? వినండయ్యా! పోయేముందు మూడు రోజులు పెద్దయ్యకి నోట మాటే లేదు. తేనెనీళ్ళలో గుడ్డ ముంచి పెదాలు తడిపింది నేను. తోట ఊసెత్తే ఓపిక ఎక్కడిది ఆయనకి? వీడిదంతా అబద్ధం!"

"కట్టకముందే కూసిందిరోయ్ ముసల్ది!" అన్నాడు చేపలవాడు. అందరూ పకపకా నవ్వారు.

"ఇది చెల్లదు" అన్నాడొక పెద్దమనిషి.

"చెల్లేలా చేద్దాం" అంటూ ఎర్గోక్లీస్ ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాడు. నిజం చెప్పినందుకు ఆమె ఇప్పుడతనికి మరింత కావలసి వచ్చింది; అదే మాట చక్రం మీద చెప్పిస్తే చెల్లుతుంది.

"వదులు! సవాలు వెనక్కి తీసుకుంటున్నాను" అని అరిచాడు ఫైనిప్పోస్.

"అందరూ విన్నారుగా" అంటూ ఎర్గోక్లీస్ ఆమె చెయ్యి వదిలేశాడు.

ఫైనిప్పోస్ పళ్ళు కొరికాడు. "నిన్ను రేపే అమ్మేస్తాను."

మాల్తాకే ఎర్రగా కందిన మణికట్లు అతని కళ్ళ ముందు ఆడించింది.

"అమ్ముకో. విరగలేదుగా, మంచి ధరే పలుకుతాయి."