పడమటి గాలి లెక్క

తరావా దీవి వాతావరణ కేంద్రంలో తెకారే పదకొండేళ్లుగా రోజూ మధ్యాహ్నానికి ముందు బెలూన్ ఎగరేస్తోంది. దానికి కట్టిన చిన్న పెట్టె, పైన గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తోందో రేడియోలో పంపుతుంది. ఆ లెక్క సముద్రాల అవతలి పెద్ద కంప్యూటర్‌కు చేరి లోకమంతటి వాతావరణ అంచనాలో కలుస్తుంది.

ఆ మంగళవారం కింద ఆకు కదలలేదు. కిలోమీటరున్నర ఎత్తున మాత్రం గాలి పడమటి నుంచి తోసుకొస్తోంది. ఆ నెలల్లో వీచేది తూర్పుగాలి. పడమటిది కిందికి దిగితే పడవలు ఆగే వైపే అలలు లేస్తాయి.

అరగంటకు ఆ పెద్ద కంప్యూటర్ నడిపేవాళ్ల నుంచి జవాబొచ్చింది. ఆ గాలి తమ అంచనాకు మరీ ఎడంగా ఉందట, పరికరం చెడిందేమోనని లెక్కలోకి తీసుకోలేదట.

తెకారే భర్త తబేరా మూడు గంటలకు ప్రయాణికులతో అబయాంగ్ దీవికి పడవ తీయాలి. ఫోన్ చేసింది.

"రేడియోలో తూర్పుగాలే అన్నారుగా. నీ ఒక్కదాని పెట్టెకే పడమర కనబడిందా?" అన్నాడతను.

"తప్పు నా పెట్టెదో వాళ్ల లెక్కదో సాయంత్రంలోగా తేలుస్తా. అప్పటిదాకా తాడు విప్పకు."

"ఇరవై మంది ఎండలో కూర్చున్నారు. వాళ్ల తిట్లు నువ్వు తింటావా?"

"తింటాను. ఆగు."

మిగిలింది ఒక్క బెలూనే, అది మర్నాటిది. సరుకు ఓడ వచ్చేది గురువారం. పై అధికారి కబూవా కాసేపు మెడ రుద్దుకుని, తనే వెళ్లి బెలూన్‌లోకి గ్యాస్ తిప్పాడు. "రేపటికి జవాబు నేను చెప్పుకుంటాలే అమ్మాయ్, పెట్టె కట్టు."

కొత్త పెట్టె కూడా అదే ఎత్తున అదే గాలి చూపించింది, ఇంకా బలంగా. ఈసారి అవతలివాళ్లు ఒప్పుకున్నారు. సాయంత్రపు అంచనాలో ఈ దీవుల మీద గాలి తిరిగింది. ఉత్తరాన వేల మైళ్ల అవతల కురవాల్సిన వాన దారి కూడా జరిగిందని చెప్పారు. అదేదీ ఆమె చెవికెక్కలేదు. తబేరా ఆగాడు గానీ, విసిగిన ఏడుగురు వేరే పడవెక్కి వెళ్లిపోయారు. ఆ పడవకు ఫోన్ అందడం లేదు.

చీకటి పడేసరికి పడమటి గాలి కిందికి దిగింది. తబేరా తడిసి ఇంటికొచ్చి, గోడకానుకుని కూర్చున్నాడు.

"ఆ ఏడుగురిలో మా మేనత్త ఉంది" అన్నాడు.

"మధ్యాహ్నమే ఎందుకు చెప్పలేదు?"

"నీ మాట నేనే సగం నమ్మలేదు. ఆమెనేమని ఆపను?"

తెల్లవారాక అబయాంగ్ నుంచి కబురొచ్చింది. పడవ రాళ్లకు కొట్టుకుని పగిలిందట. ఏడుగురూ ఈదుకుంటూ ఒడ్డెక్కారు. మేనత్త చెయ్యి విరిగింది. తెకారే అప్పుడు ఏడ్చింది.