కొండ మీది లాకు

సెల్లు మొహానికెదురుగా పట్టుకుని మూడోసారి కళ్లార్పేరు పాపారావు మాష్టారు. యాపులో హాజరు పడలేదు.

"ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే మొహం కదే! ఇవాళొక్కరోజు ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది?" అని దాన్ని కసిరి, వరండాలోంచి ఎండలోకొచ్చి మళ్లీ పట్టుకున్నారు. పడింది.

అల్లవరం నించి ఓడలరేవు పోయే రోడ్డు మీదున్న ఆ హైస్కూల్లో ఆయన సోషల్ మాష్టారు. సన్నటి మనిషి. సుద్దముక్క పట్టీ పట్టీ కుడి బొటనవేలు బీటలు వారింది. చొక్కాజేబు కింద ఎర్రసిరా మరక ఏ చొక్కాకైనా ఉంటుంది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి రిటైరైపోతారు. దండలూ శాలువాలూ ఆయనకి అక్కర్లేదు. తొమ్మిదో తరగతి వాళ్లతో నలభై అయిదు నిమిషాలు కావాలి, అంతే. కిందటేడు ఎనిమిదిలో వాళ్లకి చెప్పిన పాఠం ఒకటి తప్పు. దాన్ని దిద్దాలి.

ఆ పాఠం కొండ మీది పట్టణం. ఏటా షిల్లాంగునే తీసుకుంటారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని అస్సాంకి రాజధాని చెయ్యడం, 1897 భూకంపంలో రాతికట్టడాలు కూలిపోవడం, జనం మళ్లీ తేలిక గోడలతో ఇళ్లు కట్టుకోవడం, అన్నీ తేదీలతో సహా చెప్తారు. అదంతా సరైనదే. చిక్కల్లా నీళ్ల దగ్గరొచ్చింది. కాలవగట్టు మట్టి తెచ్చి, పీట మీద కొండ చేసి, దాని చుట్టూ కింద నించి పైదాకా ఒక కాలవ గీసేవారు. అగ్గిపుల్లలతో మధ్యమధ్య లాకులు, అంటే నీళ్లాపి పడవనెత్తే తలుపులు, పెట్టేవారు. "మన లాకులో నీళ్లు నింపితే పడవ పైకి లేవట్లేదర్రా? లాకు మీద లాకు కడితే కాలవ కొండెక్కదా?" అనేవారు. పిల్లలు "ఆయ్" అనేవారు. కొండన్నది చూసినవాడెవడు అక్కడ? తనిఖీకొచ్చిన పెద్దమనుషులు కూడా బాగుందని రాసి సంతకాలు పెట్టేరు.

ఒక్క మమత అనే పిల్ల మాత్రం, పదేళ్ల కిందట, పరీక్షలో "నీళ్లు పైకెలా ఎక్కుతాయండి?" అని రాసింది. దానికి ఈయనే సున్నా వేసేరు.

మొన్న మే నెలలో చర్చివాళ్లతో షిల్లాంగు వెళ్లేరు. జన్మలో మొదటిసారి కొండెక్కేరు. రోడ్డు పక్కన నీళ్లు గలగలమంటూ కిందికే పరిగెడుతున్నాయి. ఒక ఆడమనిషి నిండు బిందెతో మెట్లెక్కుతూ ఆగి ఆయాసపడింది. కాలవ లేదు, లాకు లేదు. పక్కనున్న భార్య సువార్తమ్మ "ఏంటండీ, కళ్లు తిరుగుతున్నాయా?" అంది. ఆయన సిగ్గుతో ఆ బిందెకేసే చూస్తుండిపోయేరు. ఇంటికొచ్చేక కూడా మమత సున్నాయే కళ్లముందు ఆడింది. బడి తెరిచేక ఏ రోజుకారోజు చెబుదామనుకుంటూనే ఇంతదాకా తెచ్చుకున్నారు.

రెండో పీరియడుకి తొమ్మిదిలోకి వెళ్లబోతుంటే హెడ్మాష్టరు భాస్కరరావు అడ్డం పడ్డారు.

"మధ్యాన్నం భోజనం గుడ్ల ఫోటోలు యాపులో పెట్టాలండి. మీ సెల్లులో అయితే బాగా పడతాయి."

గుడ్లు ఉడకలేదు. ఉడికేక సిగ్నలు లేదు. పీరియడు కాస్తా పోయింది. నాలుగో పీరియడుకి వెళ్తే గదిలో బెంచీలే ఉన్నాయి. పిల్లలంతా వీడ్కోలు పాట నేర్చుకుంటున్నారట. మధ్యాన్నం ఆరో పీరియడుకి మళ్లీ బయల్దేరితే హెడ్మాష్టరు చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టేసేరు.

"ఇవాళ కూడా పాఠమేంటండీ బాబూ! హాయిగా కూర్చోండి!"

"భాస్కరరావుగారూ, ఒక్క ముక్క చెప్పాలండి వాళ్లకి."

"సభలో చెబుదురుగాని, మైకులో!"

పాపారావుకి ఒళ్లు మండిపోయింది. తిట్టేవాడైతే తిరిగి తిట్టొచ్చు. ఇంత ప్రేమగా అడ్డం పడేవాళ్లనేం చేస్తాడు మనిషి?

సభలో శాలువా కప్పేరు. మైకు చేతికొచ్చింది. గొంతు సవరించుకుని, "నేను మీకు తప్పు చెప్పేనర్రా. కొండ మీదికి కాలవ ఎక్కదు. నీళ్లు పైనించి కిందికే వస్తాయి," అన్నారు.

అంతలో భాస్కరరావు మైకందుకుని, "చూసేరా, ఎంత వినయమో!" అన్నారు. చప్పట్లు మోగిపోయేయి.

ఆ చప్పట్లలోనే తొమ్మిదో తరగతి వీరవేణి, మరో ముగ్గురు ఆడపిల్లలు బరువుగా ఏదో మోసుకొచ్చి బల్ల మీద పెట్టేరు. కొండ. ఆకుపచ్చ రంగేసేరు. చుట్టూ నీలంగా కాలవ, మూడు లాకులు, శిఖరం మీద చర్చి. కింద 'పాపారావు మాష్టారి షిల్లాంగు' అని రాసుంది.

ఆయన వంగి, బీటల బొటనవేలితో కాలవని గీకేరు. రాలేదు.

"సిమెంటండీ," అంది వీరవేణి. "మట్టయితే ఏటా చెయ్యాలి కదండీ. ఇదైతే ఎప్పటికీ ఉంటుందండి."

"నీళ్లు పోసి చూసేవా అమ్మా?"

"పోసేమండీ. కిందికొచ్చేసేయండి. మేమే సరిగ్గా చెయ్యలేదని మళ్లీ సిమెంటు పూసేమండి."

పాపారావు కొండ మీంచి చెయ్యి తీసేరు. "మీరు సరిగ్గానే చేసేరమ్మా. తప్పు నాదే. నీళ్లదే రైటు. ఈసారి ఎవరు చెప్పినా, నేను చెప్పినా సరే, నీళ్లు పోసి చూసిందే నమ్ము. తెలిసిందా?"

"ఆయ్ మాష్టారండీ," అంది ఆ పిల్ల, ముప్పై ఒక్క ఏళ్లుగా అందరూ అన్నట్టే.

గేటు దగ్గర ఆటో హారను కొట్టింది. దండలతో పాటు ఆయన్నీ ఎక్కించేసేరు. వెనక్కి తిరిగి ఏదో అనబోయేరు గానీ ఇంజను మోతలో ఎవరికీ వినబడలేదు. సభకొచ్చిన సువార్తమ్మ ఆయన పక్కన, ఒళ్లోని శాలువా మడతపెట్టుకుంటూ కూర్చుంది.

భాస్కరరావు ఆ కొండని తన గదిలోని అద్దాల బీరువాలో, కొత్త సోషల్ మాష్టారికి పనికొస్తుందని, అందరికీ కనబడేలా పెట్టించి తాళం వేయించేరు. లోపల మూడు లాకులూ దాటుకుని కాలవ నీలంగా శిఖరం దాకా ఎక్కింది. దాని మీద ఒకచోట మాత్రం రంగు లేచిపోయి, బొటనవేలి గోటిగీత ఉంది.