సాకియూసా మీద పరచిన జెండా

మా తమ్ముడి కొడుకు సాకియూసాని సీలు వేసిన పెట్టెలో తెచ్చారు. ఫిజీ సైన్యం తరఫున ఎడారి దేశానికి శాంతి కాపలాకని వెళ్లి, లారీ బోల్తా పడి పోయాడు. పెట్టె తెరవకూడదన్నారు. దాని మీద లేత నీలం రంగు జెండా పరచి ఉంది.

ఆ జెండా అంటే నాకు మొదటినుంచీ పడదు. మూలన ఇంగ్లండు వాళ్ల గుర్తు, పక్కన డాలు మీద కోకో కాయ పట్టుకున్న సింహం. మా కందావు దీవిలో సింహాన్ని చూసినవాడెవడు? అడవి పంది ఎదురైతేనే చెట్టెక్కేస్తాం.

తమ్ముడు చిన్నతనంలోనే పోతే సాకియూసాని పెంచింది నేను. కాబట్టి చావు పనులన్నీ నా చేతుల మీదుగానే జరగాలి. వాడి భార్య మెరెవై వేరే దీవిలోని లెవుకా పిల్ల. పెళ్లయి ఏడాది కాలేదు, నాలుగో నెల కడుపు. పెట్టె ఇంట్లో ఉన్న రెండు రోజులూ దాని పక్కనే కూర్చుంది. మొగుడి మొహం ఎలాగూ చూడనివ్వలేదు, ఆ జెండాకే చెంప ఆనించి కునుకు తీసింది. దాని అంచు మాత్రం చేతిలోంచి వదల్లేదు.

పాతిపెట్టే రోజు పొద్దున సార్జెంటు ఎపెలి వచ్చి నా ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. వాడూ మావాడే, రేవా వైపు మనిషి.

"పెదనాన్నా, పెట్టె దించేముందు జెండా తీసి, మడతపెట్టి మెరెవై చేతికిస్తాం. అదీ పద్ధతి."

"ఎవరి పద్ధతి?"

"సైన్యంది. ఆవిడ కూడా అడిగింది. పుట్టబోయే బిడ్డకి చూపించాలట, దాచుకుంటానంది."

"మరి మన పద్ధతో? బూట్లిచ్చినప్పుడు అది లాగేసుకున్నారా నీ దగ్గర?"

ఎపెలి తల వంచుకున్నాడు. "తెలుసు పెదనాన్నా."

మా దగ్గర శవం మీద కప్పిన చాపగానీ, మా ఆడవాళ్లు బెరడు కొట్టి చేసే మాసి గుడ్డగానీ మళ్లీ ఇంటికి రావు. పోయినవాడితోపాటు గోతిలోకి పోవలసిందే. అది నేను కల్పించిన మాట కాదు. కానీ ఆ రోజు నన్ను ఆడించింది ఆచారం కాదు. ఎవరు ఎక్కడ నిలబడాలో రెండు రోజులుగా మా ఊరికి సైన్యమే చెబుతోంది. పెట్టె మోసింది వాళ్లు. తుపాకులు పేల్చేది వాళ్లు. ఎత్తుకు పెంచినవాణ్ణి నేను చుట్టపుచూపుగా వచ్చినట్టు ఓ పక్కన కూర్చున్నాను. నాకు ఒళ్లు మండిపోయింది.

గోతి దగ్గర నలుగురు సైనికులు జెండా నాలుగు మూలలూ పట్టుకుని లేపారు. మెరెవై ముందుకొచ్చి రెండు చేతులూ చాపింది.

నేను చెయ్యి అడ్డం పెట్టాను. "ఉంచండి అక్కడే. వాడిమీద పరిచింది వాడితోనే పోవాలి."

ఎపెలి నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. పెద్దవాళ్ల మాట తీసెయ్యడం వాడికి నేర్పలేదు ఎవరూ. జెండాని మళ్లీ పరిచారు. దాని మీద మాసి, ఆ పైన చాపలు. మెరెవై చాలాసేపటి దాకా చేతులు దించలేదు. నోరు మాత్రం విప్పలేదు, కొత్త కోడలు.

ఆ సాయంత్రం యాంగోనా వేరు రసం గిన్నె చుట్టూ చేరి అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆచారం నిలబెట్టానన్నారు. నేనూ కడుపునిండా తాగి మీసం దువ్వుకున్నాను.

నూరో రోజు మైల తీరాక మెరెవై పురిటికని లెవుకా వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. మళ్లీ మా గడప తొక్కలేదు. మూడేళ్ల తర్వాత మా చెల్లెలు ఉనైసి ఆ పిల్లని చూసొచ్చింది.

"ఏం అన్నయ్యా, నీ పంతం గోతిలో హాయిగా నిద్రపోతోందా?" అంది గుమ్మంలోంచే. "నాన్నేడీ అని పిల్ల అడుగుతుంటే, ఒక ఫోటో తప్ప చూపించడానికి ఏముంది మెరెవై దగ్గర?"

సమాధి తవ్వించే దారి ఎలాగూ లేదు. సైన్యానికి ఉత్తరం రాస్తే కొత్త జెండా ఒకటి పంపించారు. ఆ పొట్లమూ, క్షమాపణకని తాంబువా, అంటే తిమింగలం పన్నూ పట్టుకుని పడవెక్కాను.

లెవుకాలో మెరెవై తండ్రి ముందు నేలమీద కూర్చుని, తల వంచి, పన్ను ముందుకు పట్టాను. ఆయన రెండు చేతులతో అందుకుని ముద్దు పెట్టుకున్నాడు.

"అయిపోయింది బావా. ఇక ఆ ఊసొద్దు."

మా లెక్కన తప్పు అక్కడితో తుడిచిపెట్టుకుపోయినట్టే. గుండె తేలికపడింది. పొట్లం మెరెవై ముందుకు జరిపాను. విప్పి చూసింది. మడతలు గట్టిగా ఉన్నాయి, కొత్త బట్ట వాసన.

"అచ్చం అదేనమ్మా," అన్నాను.

"ఇది ఆయన మీద లేదుగా మామయ్యా." కోపం లేదు గొంతులో. మడత చెదరకుండా మళ్లీ కట్టింది. "మీ ఊరి బడికివ్వండి, ఎగరేసుకుంటారు. నాకేం మనసులో లేదు. చేమదుంపలు ఉడకబెట్టాను, వడ్డిస్తాను, తిని వెళ్లండి."

పొట్లం నా వైపు జరుపుతూ మళ్లీ అంది. "సైన్యం పద్ధతులు పెద్దవాళ్లకేం తెలుస్తాయి అనుకున్నాను. నేను చేతులెందుకు చాపానో మీకు తెలీదుగా."

అవునంటే సరిపోయేది. ఆ అమ్మాయి నాకోసం తయారుచేసి పెట్టుకున్న జవాబు అది. కానీ తెలీదన్న మాట అబద్ధం, మూడేళ్లుగా ఆ బరువే మోస్తున్నాను.

"తెలుసమ్మా," అన్నాను. "ఆ పొద్దున్నే ఎపెలి చెప్పాడు. బిడ్డ కోసం అడిగావని కూడా చెప్పాడు."

"తెలిసే ఆపారా," అంది మెరెవై.

లేచి లోపలికి వెళ్లింది. చేమదుంపలు వాళ్లమ్మ తెచ్చి వడ్డించింది.