బొమ్మ పోయిన ముప్పావుగంట

మా అమ్మని కొండ కింద అందరూ టవరమ్మ అంటారు. కొండ మీది టీవీ రిలే కేంద్రానికి పద్నాలుగేళ్లుగా ఆపరేటరు తనే, కాపలా తనే, ఊడ్చే మనిషీ తనే. ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్‌ని డిష్ పట్టుకుంటే, పక్కనున్న టవరు లోయలోని పల్లెలన్నిటికీ పంచుతుంది.

ఆ రోజు పెద్దాఫీసు నుంచి ఇంజినీరుగారు వస్తున్నారు. రిలే బొమ్మ చూసేవాళ్లు ఈ రోజుల్లో ఎవరూ లేరనీ, కేంద్రం మూసేసే ఆలోచన ఉందనీ ముందే ఉత్తరం వచ్చింది. ఆయన ఊఁ అంటే ఉంటుంది, ఊహూఁ అంటే తాళం. అమ్మకి వారం నుంచి ముద్ద దిగడం లేదు.

ఆయన్ని తీసుకురావడానికి అమ్మ కొండ దిగింది. సాయానికి బడి మానేసి నేనొక్కదాన్నే పైన ఉన్నాను. కేంద్రం కాస్త కళగా కనిపించాలని, టవరుకి వేయగా మిగిలిన వెండిరంగు తీసి, డిష్ నిలబెట్టిన ఇనుప స్తంభానికి పైనుంచి కిందిదాకా పూశాను. లోపలికొచ్చి చూశాను. మానిటరు మీద బొమ్మ లేదు. నీలం తెర, "సిగ్నల్ లేదు" అన్న రెండు మాటలు. నేను ఆనించిన నిచ్చెన డిష్‌ని పక్కకి తిప్పేసింది.

గాలికి డిష్ తిరగడం మాకు మామూలే. అందుకే అమ్మ స్తంభం మీదా, డిష్ మెడ మీదా ఎర్రగీతలు పెట్టుకుంది. గీతకి గీత కలిపితే బొమ్మ వచ్చేస్తుంది. ఆ గీతల మీదే నేను రంగు వేశాను. గుడ్డ పెట్టి రుద్దితే రంగుతో పాటు గీతలూ ఊడి వచ్చాయి. అందానికి పోతే అసలుకే ఎసరొచ్చింది.

అరగంటకి అమ్మా, ఇంజినీరుగారూ ఎక్కి వచ్చారు.

"ఏమైంది?" అంది అమ్మ నీలం తెర చూసి.

"నేనే..." అన్నాను.

"వినపడలేదు."

"నేనేనమ్మా. రంగు వేశాను. నిచ్చెన డిష్‌కి ఆనించాను."

అమ్మ బయటికెళ్లి మెరిసిపోతున్న స్తంభాన్ని చూసింది. తిడుతుందనుకున్నాను. "రంగు బాగానే వేశావే," అంది.

ఇంజినీరుగారు గడియారం చూసుకున్నారు. "చూశారా అమ్మా? అరగంటగా బొమ్మ లేకపోయినా అడిగే నాథుడు లేడు."

ఆయన మాట పూర్తి కాలేదు, దారి మలుపు దగ్గర కేక వినపడింది.

"టవరమ్మా! బొమ్మేదీ?"

ముందు దర్జీ మామయ్య, మెడలో టేపుతో. వెనక మా పంతులమ్మ ఆయాసపడుతూ. ఆ వెనక ఇంకో పాతికమంది.

"లెక్కల పాఠం సగంలో పోయింది," అన్నారు పంతులమ్మ. "పిల్లలంతా నీలం తెరకేసి గుడ్లప్పగించి చూస్తున్నారు!"

"వాళ్లకి లెక్కలు తప్పాయిగా, పండగే," అన్నాడు మామయ్య. "నా సంగతి చెప్పు. వాన కబురు వినందే మా ఆవిడ వడియాలు ఎండబెట్టదు."

ఇంజినీరుగారు సంచిలోంచి సిగ్నల్ మీటరు తీశారు. "ఇదిగో, దీంతో చూసుకోండి."

"రేపు మీరు వెళ్లాక అది ఉండదు కదండీ," అంది అమ్మ. "మా అమ్మాయి ఉంది. ఒసేయ్, తెర ముందు కూర్చో. గట్టిగా చెప్పు."

అమ్మ గోడ అవతల డిష్ దగ్గర. లోపల యంత్రం ఫ్యాన్ల హోరు. గుమ్మంలో ఊరంతా.

"ఉందా?" అంది అమ్మ.

"లేదు," అన్నాను.

"ఆఁ?"

"గోడకి కూడా వినపడలేదే తల్లీ," అన్నాడు మామయ్య. అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. కానీ తాళం పడితే అమ్మ ఏమవుతుందో వాళ్లకేం తెలుసు?

"లే...దూ!" అని అరిచాను. నవ్వులు ఆగిపోయాయి.

"ఇప్పుడు?"

"గళ్లు గళ్లుగా వస్తోంది! ఇంకొంచెం! అయ్యో, పోయింది! వెనక్కి, వెనక్కి! వెంట్రుకవాసి! ఆగమ్మా! అక్కడే! బిగించెయ్!"

తెర మీద లెక్కల మాస్టారు నల్లబల్ల ముందు నిలబడి ఉన్నారు, ఒక్క గీత చెదరకుండా.

ఇంజినీరుగారు తన మీటరు తగిలించి చూశారు. తీసి మళ్లీ తగిలించారు. "ఇంతకన్నా ఒక్క పాయింటు కూడా పెంచలేనండీ," అన్నారు అమ్మతో. తర్వాత కాగితం తీసి "చూసేవాళ్లు లేరు" అన్న మాట కొట్టేసి, "కొనసాగించాలి" అని రాసి సంతకం పెట్టారు.

అది అందరికీ చూపిద్దామని అమ్మ గుమ్మం వైపు తిరిగింది. అక్కడ ఒక్కరూ లేరు. బొమ్మ వచ్చిందిగా! పంతులమ్మ చెప్పులు చేతపట్టుకుని మలుపు దాటుతున్నారు. ఆవిడ కన్నా ముందు మామయ్య.

"ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయారే!" అన్నారు ఇంజినీరుగారు.

"చెప్పడానికేముందండీ," అంది అమ్మ, చేతికంటిన వెండిరంగుతోనే జుట్టు వెనక్కి తోసుకుని. "ఎలా పరుగెడుతున్నారో చూశారుగా."