చుక్క మిగలని ఫోటో

నీటి సరఫరా సంస్థ ప్రధాన కార్యాలయంలో ఫోటోల పని చూసే ఉద్యోగిని ఒకామె ఉండేది. నలభై రెండేళ్లు నిండి, ఇద్దరు పిల్లల తల్లి అయినా, అక్కడ అందరికీ ఆమె ఫోటోల అమ్మాయే. మూడో అంతస్తులో జెరాక్స్ మిషనుకీ మంచినీళ్ల ఫిల్టరుకీ మధ్య ఇరికించిన బల్ల ఆమెది. ఊరంతటికీ నీళ్లిచ్చే ఆ సంస్థలో ఆ ఫిల్టరు మాత్రం ఏడాదిగా ఎండిపోయి ఉంది.

సంస్థకు యాభై ఏళ్లు నిండాయి. ఉద్యోగులందరినీ నిలబెట్టి ఒక ఫోటో తీయించి, కింది హాల్లో గోడ నిండా పెట్టించాలని డైరెక్టరు గారు సెలవిచ్చారు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. దాంతో ఆయన కింది డిప్యూటీ, వయసులో రెండేళ్లు పెద్దవారైనా, చిన్నాయన అయిపోయారు.

ఫోటో రోజున నూట పన్నెండు మంది సమావేశ మందిరంలో ఐదు వరుసల్లో నిలబడ్డారు. కిటికీలోంచి వచ్చే ఎండ పెద్దాయన కళ్లలో పడుతోందని చిన్నాయన తెరలన్నీ వేయించారు. ట్యూబులైట్లలో సగం వెలగవు. వెలుతురు చాలదని ఫోటోల అమ్మాయి చెబితే, కెమెరా ఖరీదైనదేగా అన్నారు. చేసేది లేక ఆమె ఐఎస్ఓ పెంచింది. అంటే చాలీచాలని వెలుతుర్లో కూడా బొమ్మ పడేలా కెమెరాని సర్దింది. అలా సర్దితే బొమ్మ పడుతుంది గానీ, దాని మీద ఎవరో ఇసుక చల్లినట్టు రంగురంగుల చుక్కలు కూడా పడతాయి. పడ్డాయి.

మర్నాడు ఆ ఫోటోని పెద్ద తెర మీద చూసి, తన ముఖం మీద ఆ దుమ్మేమిటని పెద్దాయన అడిగారు. అది దుమ్ము కాదు, నాయిస్ అంటారని ఆమె చెప్పింది. ఫోటోలో చప్పుడు ఎలా వస్తుందని పెద్దాయన ఆశ్చర్యపోయారు. వెనక వరుసవాళ్లు మాట్లాడి ఉంటారని చిన్నాయన అక్కడికక్కడే తేల్చేశారు.

ఆమె ఓపిగ్గా వివరించింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తగ్గించడానికి ఒక స్లైడర్ ఉంటుంది, సున్నా నుంచి వంద దాకా. కాస్త జరిపితే చుక్కలు తగ్గుతాయి. మరీ జరిపితే చుక్కేదో చర్మం మీది గీతేదో దానికి తెలియదు, రెండింటినీ కలిపి అలికేస్తుంది. వెనక వరుసల్లో ముఖాలు చిన్నవి గనక ముందుగా అవే పోతాయి. ఆమె ఇంకా చెబుతూనే ఉంది, పెద్దాయన చెయ్యెత్తారు.

"నాకదంతా ఎందుకమ్మా? ఒక్క చుక్క మిగలకూడదు."

రెండు రోజులు కూర్చుని, గోడలూ తెరల మీద ఎక్కువగా, ముఖాల మీద తక్కువగా తుడుస్తూ ఆమె ఇరవై ఐదు దగ్గర ఆపింది. బాగానే వచ్చింది. ఫైలు పైకి కదిలింది. మొదట ప్రచార విభాగం అధికారి దగ్గరికి వెళ్లింది. పైవాళ్లు ఏమన్నా "అలాగే సార్" అనడం వల్ల ఆయనకి అలాగేగారు అనే పేరు స్థిరపడింది. ఏ మార్పూ చెప్పకుండా పంపితే ఫైలు తన బల్ల మీదుగా వెళ్లినట్టు ఎవరికీ తెలియదని, ఆయన ఇంకాస్త నునుపు చేయమన్నారు. నలభై ఐదు అయింది. కిందివాడు చెప్పినదానికంటే తక్కువ చెబితే బాగుండదని చిన్నాయన డెబ్భై చేయించారు. పెద్దాయన చాలాసేపు చూసి, బాగుంది, ఇంకా బాగుండొచ్చు అన్నారు. వంద అయింది. వంద దాటి జరపడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు గానీ, లేకపోతే ఇంకా జరిగేది.

పెద్దాయన ముఖం పొట్టు ఒలిచిన ఉడకబెట్టిన గుడ్డులా నిగనిగలాడింది. రెండో వరుసలో ముక్కులు మిగిలాయి. మూడో వరుసలో అవీ లేవు. నాలుగో వరుసలో ఎవరు ఎవరో బట్టల రంగుని బట్టి పోల్చుకోవాలి. ఐదో వరుస గిన్నె మీద లేచిన ఆవిరిలా ఉంది.

వెనకవాళ్లు కనబడటం లేదని ఆమె ఫైల్లో రాసి పంపింది. వెనక వరుస వెనకే ఉండును అని చిన్నాయన పక్కనే రాసి, సంతకం చేసి తిప్పి పంపారు.

ఆ సాయంత్రం ఆ ఫోటోని ఇంట్లో భర్తకి చూపించింది. ఆయనకి వీధి చివర కళ్లజోళ్ల కొట్టుంది. కాసేపు చూసి, "మా కొట్టుకి రావాల్సినవాళ్లకి లోకమంతా ఇలాగే ఉంటుంది" అన్నాడు. పిల్లలు నవ్వారు. ఆమెకి నవ్వు రాలేదు.

ఆవిష్కరణకి ఉద్యోగులందరూ కుటుంబాలతో వచ్చారు. పంపుహౌసులో ముప్పై ఒక్క ఏళ్లుగా పనిచేస్తూ ఆ నెలాఖరుకి రిటైరవుతున్న మేస్త్రి కూడా భార్యని తీసుకొచ్చాడు. ఫోటోలో అతను నిలబడింది ఐదో వరుసలో. ఎడమ నుంచి వేలితో లెక్కపెట్టుకుంటూ పోయి, ఏడో వాడి దగ్గర ఆగి, ఇదిగో నేను అని చూపించాడు. ఆవిడ దగ్గరికి వెళ్లింది, దూరం జరిగింది, మళ్లీ దగ్గరికి వచ్చింది.

"ముప్పై ఒక్క ఏళ్లు చేశారు కదండీ," అంది మెల్లగా. "ముక్కయినా ఉంచలేదేంటి?"

మేస్త్రి ఆ చూపించిన వేలిని కిందికి దించాడు. నాలుగడుగుల దూరంలో ఉన్న ఫోటోల అమ్మాయికి ఆ మాట వినబడింది. ఆమె తల వంచుకుంది.

ఇంతలో పెద్దాయన తన తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చారు. ఎనభై నాలుగేళ్ల ముసలావిడ. సంస్థ మొత్తంలో ఆయన భయపడే మనిషి ఆవిడొక్కతే, ఆవిడ సంస్థలో పనిచేయకపోయినా. కర్ర ఆన్చుకుని గోడకేసి చూసింది.

"నువ్వెక్కడున్నావురా?"

"మధ్యలో ఉన్నాగా, అమ్మా."

"మధ్యలో ఉన్నాయనెవరో నేనెరగను. మావాడికి కనుబొమ్మ మీద గాటుండాలి."

హాల్లో అందరూ ఇటే తిరిగారు. ఆవిడకి అదేమీ పట్టలేదు. ఆరేళ్లప్పుడు చక్కెర డబ్బా కోసం బీరువా ఎక్కి వీడు పడిపోయాడని, కళ్లలోకి నెత్తురు కారుతుంటే చెప్పులైనా లేకుండా ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తానని, నాలుగు కుట్లు వేశారని, మొత్తం చెప్పింది. చక్కెర సంగతి విని వెనకెవరో దగ్గారు.

"ఆ గాటేదిరా?" అంది చివరికి.

పెద్దాయన చిన్నాయన వైపు చూశారు. చిన్నాయన అలాగేగారి వైపు చూశారు. అలాగేగారు ఫోటోల అమ్మాయి వైపు చూశారు. ఆమె వెనక ఇంకెవరూ లేరు.

నిజానికి ఆ ఒక్క గాటుని వెనక్కి తేవడం ఆమెకి పది నిమిషాల పని. తుడవని అసలు ఫోటోలోంచి కనుబొమ్మ ఒక్కటీ తీసి అతికిస్తే సరిపోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. మేస్త్రి భార్య ఇంకా ఏడో ఆవిరి దగ్గరే నిలబడి ఉంది. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఫోటోల అమ్మాయి మొదటిసారి అబద్ధమాడింది.

"గాటు రావాలంటే చుక్కలూ వస్తాయి సార్. రెండూ కలిసే పోయాయి, కలిసే రావాలి."

"సార్ వరకే తేవచ్చుగా?" అన్నారు చిన్నాయన.

"కుదరదు సార్. తెస్తే అందరికీ వస్తుంది."

"అయితే అందరికీ తెమ్మను," అంది ముసలావిడ. "దానికింత చర్చ ఎందుకు?"

"అలాగే," అన్నారు పెద్దాయన. ఆ మాట ఆయన నోట ఎవరూ అంతకుముందు విన్నది లేదు.

వారం తిరక్కుండా కొత్త ఫోటో గోడెక్కింది. ఆమె ఇరవై దగ్గర ఆపింది. ముక్కు ఆనించి చూస్తే చుక్కలున్నాయి, పదడుగులు వెనక్కి జరిగితే లేవు. నూట పన్నెండు ముఖాలూ ఉన్నాయి. వాటితోపాటు ఇంకొన్ని విషయాలూ బయటపడ్డాయి. నాలుగో వరుసలో ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు, అతనికి మెమో వెళ్లింది. పెద్దాయన కంటే ఎత్తుగా కనబడకుండా చిన్నాయన మోకాళ్లు వంచి నిలబడ్డ సంగతి ప్యాంటు ముడతల్లో స్పష్టంగా తెలిసిపోయింది. ఆయనకి ఎవరూ మెమో ఇవ్వలేదు గానీ, ఆ హాల్లోంచి నడవడం ఆయన మానుకున్నారు, వెనక మెట్ల మీంచి వస్తున్నారు. సహజత్వమే సంస్థ విధానం అని ఒక సర్క్యులర్ వచ్చింది. దాని కింద పెద్దాయన సంతకం ఉంది, ఆలోచన కూడా ఆయనదేనని అలాగేగారు అందరికీ చెప్పారు.

రిటైరయ్యే రోజు మేస్త్రి మూడో అంతస్తుకి వచ్చాడు. ఇంటికి చిన్న కాపీ ఒకటి కావాలన్నాడు. అయితే గోడ మీది ఫోటోలో తను కళ్లు మూసుకుని ఉన్నానని, అది భార్యకి నచ్చలేదని కాస్త మొహమాటంగా చెప్పాడు. ఫోటోల అమ్మాయి కంప్యూటర్లో ఆ రోజు తీసినవన్నీ వెతికింది. ఒకదాంట్లో మేస్త్రి కళ్లు తెరిచి, చక్కగా నవ్వుతున్నాడు.

"కానీ బాబాయ్, ఇందులో పెద్దాయన కళ్లు మూసుకున్నారు. అందుకే దీన్ని పక్కన పెట్టేశాం."

మేస్త్రి తెర మీదికి వంగి తన ముఖం చూసుకున్నాడు.

"ఇదే ఇవ్వు అమ్మాయ్. మా ఇంట్లో ఆయన్నెవరు చూస్తారు?"

ఆమె ఏ స్లైడరూ ముట్టుకోకుండా ప్రింటు తీసింది. అతను అది ఆరేదాకా ఊదుతూ నిలబడి, అట్ట కవర్లో పెట్టుకుని, జెరాక్స్ మిషను దగ్గరున్నవాళ్లందరికీ ఒక్కొక్కరికీ చూపించి మరీ వెళ్లాడు.