కొలిచి పొయ్యి

వంతెన నడుమ పొట్టోడి ఆటో ఆగిపోయింది. వెనక సీటులో అక్క ఊపిరి కోసం కొట్టుకుంటోంది. ఆసుపత్రి గేటు కనిపిస్తూనే ఉంది. పొట్టోడు బండిని తోశాడు, అరిచాడు, ఏడ్చాడు. గేటు చేరేసరికి అక్క లేదు.

ఆటోల్లో పెట్రోలు ముల్లు ఎప్పుడో చచ్చి ఉంటుంది. డ్రైవర్లు బండిని నడుంతో ఊపి, ట్యాంకులో చప్పుడు విని ఎంతుందో చెప్పేస్తారు. ఆ రోజు పొట్టోడు ఊపలేదు. పొద్దున్నే పోయించాడు, సాయంత్రం దాకా వస్తుందని బంకు మీటరును నమ్మాడు. సాయంత్రం కాకుండానే ట్యాంకు ఎండిపోయింది.

తూనికలు కొలతల అధికారికి ఫిర్యాదు ఇచ్చాడు. ఆ మహానుభావుడు ముందురోజే బంకుకు ఫోను చేసి, మర్నాడు తీరిగ్గా తనిఖీకి వచ్చాడు. చుక్క తగ్గలేదు.

"అంతా సక్రమం. నచ్చకపోతే ఇంకో బంకులో పోయించుకో."

"ఊళ్లో మూడు బంకులూ ఒక్కడివే కద సార్!"

"అది పోటీ కమిషన్ చూడాలి. మా శాఖ కాదు."

కంచే చేను మేస్తుంటే ఇంక ఎవరికి మొరపెట్టుకుంటాం?

"తగలబెట్టేస్తా ఆ బంకుని!" సాయంత్రం స్టాండులో పొట్టోడు పళ్లు నూరాడు.

"తగలబెడితే వాడికి ఇన్సూరెన్సు, నీకు జైలు," అంది స్టాండులో ఒక్కగానొక్క ఆడ డ్రైవరు. అందరికీ ఆమె వదిన. "ఎవరడిగినా ఐదు లీటర్ల డబ్బాతో కొలిచి చూపించాలని బంకు గోడ మీదే రాసుంది. ఒక్కడు అడిగితే మెడబట్టి గెంటుతారు. ఎనభైమందిమి అడుగుదాం. చెప్పకుండా వెళ్దాం."

తెల్లారేసరికి ఎనభై ఆటోలు బారులు తీరాయి.

"కొలిచి పొయ్యి," అంది వదిన.

మీటరులో ఐదు పడింది. ప్రభుత్వ ముద్ర ఉన్న డబ్బాలో పెట్రోలు గీతను అందుకోలేదు. అర లీటరు వెలితి! రెండో ఆటోకీ అంతే. మూడోదానికీ అంతే. స్కూటర్లవాళ్లు కూడా దిగి చుట్టూ మూగారు.

యజమాని పరుగున వచ్చాడు. "ఏదో మిషను పొరపాటు. తలా ఐదు లీటర్లు ఊరికే పోస్తా, వెళ్లండి."

"మా అక్కని తెచ్చివ్వు, వెళ్తాం," అన్నాడు పొట్టోడు.

అధికారి పోలీసుల్ని వెంటబెట్టుకుని దిగాడు. పొట్టోడు ఆ డబ్బాను ఆయన మొహం ముందు పెట్టాడు. "ఇప్పుడు రాయి సార్, సక్రమమని! ఇంతమంది చూస్తుండగా రాయి!"

పోలీసులు చొక్కా పట్టి పొట్టోణ్ణి జీపులో పడేశారు. అక్క పోయిననాటి నుంచీ గుండెలో రగులుతున్న కసి చల్లారలేదు కానీ, దానికి ఇప్పుడు ఎనభై గొంతులున్నాయి. జీపు వెనకే అధికారి కూడా మెల్లగా జారుకోబోయాడు. ఆటోలు కదిలి దారి మూసేశాయి.

"ఎక్కడికి సార్?" వదిన డబ్బాను ఆయన చేతుల్లో పెట్టింది. "ఇంకా డెబ్భై ఏడు ఆటోలున్నాయి. నువ్వే పట్టుకుని కొలువు."