ఏటిమొగలో సున్నా

వేదవతికి ప్రాణం విసిగిపోయింది. బందరులోని ఆ ఇంజినీరింగ్ కాలేజీలో ఏళ్ళ తరబడి ఒకటే సబ్జెక్టు చెబుతోంది. ఒక పని ఎలా జరుగుతోందో లెక్కల్లో పెట్టడం, ఆ లెక్కతో అదే పని ఇంకా తక్కువ ఖర్చులో ఎలా చెయ్యొచ్చో తేల్చడం. పిల్లలకు మొదటి సగం అర్థం కాదు, రెండో సగం అక్కర్లేదు. ప్రాజెక్టు అనగానే ఎక్కడిదో సిమెంటు ఫ్యాక్టరీ మోడల్ పట్టుకొచ్చి, పైన పేర్లు మార్చి ఇచ్చేస్తారు. మీలో ఒక్కరైనా సిమెంటు ఫ్యాక్టరీ గేటు చూశారా అని అడిగితే, యూట్యూబ్‌లో చూశామండీ అంటారు. వాళ్ళతో వాదించి వాదించి ఆమె గొంతు పోయింది గానీ వాళ్ళ తీరు మారలేదు.

అందుకే ఈ ఏడు గట్టిగా చెప్పేసింది. కళ్ళతో చూసిందాన్నే మోడల్ చెయ్యాలి, లేకపోతే మార్కుల్లేవు. ఎవరేం చేశారో గానీ, కృష్ణచైతన్య జట్టు మాత్రం కాలేజీ బస్సుల్ని పట్టుకుంది. గుడివాడ నుంచి, ముదినేపల్లి నుంచి, దివిసీమ నుంచి వచ్చే ప్రతి బస్సులో జట్టులో ఒకరు కూర్చుని, ఏ స్టాపులో ఎంతమంది ఎక్కుతున్నారో ఫోన్లో ఎక్కించారు. డీజిలు ఖర్చు వీలైనంత తగ్గాలి. షరతులు రెండే. మొదటి బెల్లుకి అందరూ కాలేజీలో ఉండాలి, ఒక్క విద్యార్థి ఉన్నా ఆ స్టాపు తీసెయ్యకూడదు. ఆ రెండో షరతు వేదవతి దగ్గరుండి రాయించింది.

జవాబు బాగా వచ్చింది. ప్రిన్సిపాల్ సుబ్రహ్మణ్యంగారు పొంగిపోయారు. మరుసటి వారంలోనే బస్సుల్ని కొత్త దారుల్లో నడిపించి, ఎంత డీజిలు ఆదా అయిందో గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. జట్టు మొత్తానికి, వేదవతికీ శాలువాలు కప్పారు. తన సబ్జెక్టు ఒకరికి పనికొచ్చిందని ఆమె ఆ రోజు నిజంగా సంతోషపడింది. ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు.

జట్టులో దివిసీమ బస్సు చూసిన అమ్మాయి క్రిస్టినా. ఎదురుమొండి లంక నుంచి వస్తుంది. నెమ్మదస్తురాలు, తెలివైంది, ఎప్పుడూ ముందు బెంచీ. అలాంటి పిల్ల ఉన్నట్టుండి రోజూ మొదటి పీరియడ్ అయిపోయాక రావడం మొదలుపెట్టింది. ఆ పీరియడ్ వేదవతిదే. హాజరు వేశాక ఎవరొచ్చినా ఆబ్సెంటేనన్నది ఆమె పద్ధతి. ఇలాగే సాగితే హాజరు చాలదు, పరీక్ష రాయనివ్వరు, సెమిస్టరు పోతుంది. ఆ మాట రెండుసార్లు పిలిచి చెప్పినా పిల్ల తల వంచుకుని నిలబడిందే తప్ప నోరు విప్పలేదు. అందరి బస్సులూ టైముకి వచ్చేలా లెక్క కట్టినదానివి, నువ్వు మాత్రం టైముకి రాలేవా అని ఒకరోజు క్లాసులోనే గట్టిగా దులిపేసింది వేదవతి. క్లాసంతా నవ్వింది. క్రిస్టినా కూడా నవ్వింది. అది చూశాక వేదవతికి మరీ మండింది.

ఆ సాయంత్రం స్టాఫ్‌రూముకి పిలిపించి, రోజూ బస్సు ఎందుకు తప్పిపోతోందని నిలదీసింది.

"తప్పిపోవడం కాదు మేడమ్. మాకు బస్సు లేదు."

విషయం ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. క్రిస్టినా పొద్దున్నే పంటు మీద ఏరు దాటి ఏటిమొగలో దిగుతుంది. ఇదివరకు బస్సు నాగాయలంక నుంచి ఖాళీగా అక్కడిదాకా వచ్చి, ఆమెను ఎక్కించుకుని వెనక్కి వెళ్ళేది. ఆ స్టాపులో ఆమె ఒక్కతే. సర్వే రోజున బస్సెక్కి, సీట్లో కూర్చుని, ఫోను తీసి, తర్వాత ఎక్కేవాళ్ళ కోసం చూసింది. ఎవరూ ఎక్కలేదు. ఏటిమొగ దగ్గర సున్నా వేసింది. సున్నా ఉన్న స్టాపుని మోడల్ తీసేసింది. ఇప్పుడామె ఆటో పట్టుకుని నాగాయలంక చేరేసరికి కాలేజీ బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. ఆర్టీసీ బస్సెక్కి వస్తోంది. డ్రైవరు చాంద్ బాషా ఈ సంగతి ఆఫీసులో చెప్పాడట. కంప్యూటరు తేల్చాక నీ సలహా ఏమిటయ్యా అని కసిరారట.

ఇన్నాళ్ళూ చెప్పకుండా ఏం చేశావని అడిగితే, "ఫ్లెక్సీ కట్టేశారు కదా మేడమ్" అంది ఆ పిల్ల. తన ఒక్కదాని వల్ల ప్రాజెక్టు తప్పని తేలితే జట్టులో అందరికీ మార్కులు పోతాయట. వేదవతికి ఆ పిల్ల మీద కోపం, జాలి ఒక్కసారే వచ్చాయి. క్లాసులో తానన్న మాట గుర్తొచ్చి సిగ్గుపడింది. వెంటనే చెయ్యి పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి తీసుకెళ్ళింది.

సుబ్రహ్మణ్యంగారు మంచివారే. కానీ కాగితం మీద అంకె కనబడితే ఇక ఎదురుగా మనిషి కనబడడు. ఆయన అంతా ఓపిగ్గా విని కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఏటిమొగలో సున్నా ఉంది కదండీ మేడమ్. సర్వే మీ పిల్లలదే, షరతు మీరు పెట్టిందే."

"ఆ సున్నా ఇదిగో, మీ ఎదురుగానే నించుంది సార్."

"అలా అంటే ఎలాగండీ? రేపు ఇంకోళ్ళు వచ్చి నించుంటారు. డేటా లేకుండా నేను బస్సు పంపితే ఆడిట్‌లో నన్నడుగుతారు. ఒకరోజు పాత దారిలో బస్సు పంపిస్తాను, మళ్ళీ సర్వే చేయించండి. ఒకటి వస్తే స్టాపు ఉంటుంది."

గోడతో మాట్లాడటం ఇంతకన్నా సుఖమనిపించింది వేదవతికి. అయినా సరేనంది. మళ్ళీ ఏ పొరపాటూ జరగకూడదని ముందురోజు సాయంత్రమే నాగాయలంకలో తోడికోడలి ఇంటికి వెళ్ళి, తెల్లవారగానే చాంద్ బాషా బస్సెక్కి ఏటిమొగ రేవుకి చేరింది. ఆదా ఆదా అని మొత్తుకుంటూ ఒక్క సున్నా కోసం ఒక లెక్చరరు, ఒక డ్రైవరు, ఒక బస్సు ఇంత దూరం వచ్చాయి. ఈ ఖర్చు ఏ ఫ్లెక్సీ మీదా రాయరు కదా అనుకుని తనలో తనే ఉడికిపోయింది.

పంటు ఒడ్డుకి ఆనింది. మోటారుసైకిళ్ళు, చేపల బుట్టలు దిగాక సంచీ గుండెకి హత్తుకుని క్రిస్టినా దిగింది. బస్సు చూసి పరుగున వచ్చింది. బాషాకి నమస్తే చెప్పి ఎక్కింది, మేడమ్ పక్క సీట్లో కూర్చుంది, ఫోను తీసింది. తలుపులోంచి రోడ్డు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా శ్రద్ధగా చూసింది. ఎవరూ రాలేదు. ఏదో నొక్కింది. బాషా గేరు వేశాడు.

వేదవతి వంగి ఫోన్లోకి చూసింది. ఏటిమొగ, సున్నా.

"ఏంటిది?"

"సర్వే చేసేవాళ్ళని వెయ్యకూడదేమోనని మేడమ్."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్."

వేదవతి తల పట్టుకుంది. తిట్టాలో ఏడవాలో తెలియలేదు. ఇంత తెలివైన పిల్లకి ఎవరూ చెప్పకుండానే ఇది ఎలా వచ్చిందో, ఇన్నేళ్ళ పాఠంలో తాను చెప్పింది ఏమైపోయిందో అనుకునేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బస్సాపండి బాషాగారూ" అంది. ఫోను లాక్కుని, "దిగు" అంది క్రిస్టినాతో.

పిల్ల ముఖం పాలిపోయింది. దిగి, సంచీతో రోడ్డు పక్కన నిలబడింది. వేదవతి ఆ సున్నాని చెరిపేసింది.

"ఇప్పుడెక్కు."

క్రిస్టినా మెట్టు మీద కాలు పెట్టింది.

"ఒకటి" అంది వేదవతి, ఖాళీ సీట్లన్నిటికీ వినబడేలా.